బల్లి పలుకు, కంప్యూటర్ కూత

మాట మధ్యలో గోడమీద బల్లి కిచకిచమంటే "చూశావా, బల్లి సత్యం పలికింది" అనేవాళ్ళు ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఉన్నారు. గడప దాటబోతుంటే ఒక తుమ్ము వినపడితే ఆగి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మరీ బయల్దేరతారు. రెండో తుమ్ము కూడా వస్తే ఫరవాలేదంటారు. పంచాంగాల్లో బల్లి ఒంటిమీద ఎక్కడ పడితే ఏ ఫలమో పట్టిక వేసి ఉంటుంది. తలమీద పడితే ఒకటి, భుజంమీద పడితే ఇంకొకటి.

ఇలాంటివాటిని మనం వెక్కిరించినప్పుడు నమ్మకస్థులు ఒక ఎదురు ప్రశ్న వేస్తుంటారు. "మీ కంప్యూటర్లకి కూడా శకునాల పట్టిక ఉందిగా! స్విచ్ వెయ్యగానే ఒక పొట్టి కూత కూస్తే శుభం. ఒక పొడుగూ రెండు పొట్టీ అయితే అశుభం. అసలు కూతే రాకపోతే మహా అశుభం. పైగా ఒక కంపెనీ పట్టిక ఇంకో కంపెనీతో కలవదు. మా పంచాంగాలే నయం. దీన్ని సైన్సంటారు, మాదాన్ని మూఢనమ్మకమంటారు. ఏమిటి తేడా?"

ఇది తీసిపారెయ్యవలసిన ప్రశ్న కాదు. చూడ్డానికి రెండు పట్టికలూ ఒకలాగే ఉంటాయి. ఎడంపక్క గుర్తు, కుడిపక్క ఫలం. తేడా పట్టిక రూపంలో లేదు, ఆ పట్టిక ఎలా పుట్టిందన్న దాంట్లో ఉంది. అందుకే ఈ కూత చరిత్ర కొంచెం తవ్వాలి. ముఖ్యంగా కూత రాకపోవడం గురించి. ఎందుకంటే వినపడిన కూతను అపార్థం చేసుకునేవాళ్ళకంటే, వినపడని కూతకు అర్థాలు కల్పించేవాళ్ళే ఎక్కువ.

కూతకు ముందు

కంప్యూటర్ శబ్దం చెయ్యడం పర్సనల్ కంప్యూటర్లతో మొదలవలేదు. ఆస్ట్రేలియాలో 1949లో మొదటి ప్రోగ్రామ్ నడిపిన సీసిరాక్ అనే యంత్రానికి ఒక లౌడ్‌స్పీకర్ ఉండేది. ఇంగ్లండులో 1951లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి వచ్చిన ఫెరాంటి మార్క్ 1 యంత్రానికీ ఉండేది. దాన్ని 'హూటర్' అనేవారు. ప్రోగ్రామ్ ఫలానా చోటికి చేరిందని ఆపరేటర్‌కి తెలియడానికి ఆ ఏర్పాటు. గంటల తరబడి లెక్కలు నడుస్తుంటే ఎవడూ కళ్ళప్పగించి చూస్తూ కూర్చోలేడు కదా, చెవి ఒకటి అటు వేసి ఉంచితే చాలు. ఆ రెండు యంత్రాలతోనూ తరవాత పాటలు కూడా వాయించారు. అది వేరే కథ.

1975 నాటి ఆల్టెయిర్ 8800కి ఇలాంటి స్పీకర్ లేదు. దాని ముఖంమీద వరసగా స్విచ్‌లు, చిన్న ఎర్ర దీపాలు ఉండేవి. లోపల ఏం జరుగుతోందో ఆ దీపాలు చూసి తెలుసుకోవాలి. అది యంత్రం నాడి పట్టడం తెలిసినవాళ్ళకే సాధ్యం. గుమాస్తా బల్లమీద, బడి గదిలో పెట్టే యంత్రానికి అది పనికిరాదు.

1981: ఒక పొట్టి కూత

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ని ప్రకటించింది. మోడల్ నంబరు 5150. లోపల ఇంటెల్ 8088 ప్రాసెసర్, వేగం 4.77 మెగాహెర్ట్జ్. కేబినెట్‌లోనే రెండంగుళాల పైచిలుకు వెడల్పున్న స్పీకర్ బిగించి వచ్చేది. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

స్విచ్ వెయ్యగానే ప్రాసెసర్ ఒక నిర్ణీత చిరునామాకి వెళ్ళి, అక్కడ చెరగని చిప్‌లో రాసి ఉన్న ప్రోగ్రామ్ చదవడం మొదలుపెడుతుంది. ఆ ప్రోగ్రామే బయోస్. అది చేసే మొదటి పని తనను తాను పరీక్షించుకోవడం. దీన్నే 'పోస్ట్' అంటారు. ముందు ప్రాసెసర్, తరవాత బయోస్ చిప్‌లో ఉన్న అంకెల మొత్తం సరిపోయిందా, తరవాత మొదటి 16 కిలోబైట్ల ర్యామ్, ఇంటరప్టుల చిప్, టైమర్, తెర, మిగతా ర్యామ్, కీబోర్డు. అన్నీ దాటాక ఒక పొట్టి కూత. దాని అర్థం "నేను బాగానే ఉన్నాను, ఇక పని మొదలెట్టొచ్చు" అని.

ఆ కూత ఎలా పుడుతుందో కూడా దాచుకున్న రహస్యం కాదు. 8253 అనే టైమర్ చిప్‌కి సెకనుకు 11,93,182 సార్లు కొట్టుకునే గడియారపు సంకేతం అందుతుంది. దాన్ని బయోస్ 1331తో భాగించమంటుంది. సెకనుకు సుమారు 896 కంపనాలు వస్తాయి. ఆ కంపనాలు స్పీకర్‌కి వెళతాయి. అంతే. ఆ అంకెలు మార్చితే కూత స్వరం మారుతుంది. ఎవరైనా చేసి చూసుకోవచ్చు. ఇంకో మంచి పని ఏమిటంటే, ఐబీఎం ఈ బయోస్ ప్రోగ్రామ్ మొత్తాన్ని వరస వరసా తన టెక్నికల్ రిఫరెన్స్ పుస్తకంలో అచ్చు వేసింది. ఏ పరీక్ష తప్పితే ఏ కూత వస్తుందో, ఏ పరీక్ష తప్పితే కూత రాకుండా ప్రాసెసర్ అక్కడికక్కడే ఆగిపోతుందో చదివి తెలుసుకోవచ్చు.

ఐబీఎం ఇచ్చిన పట్టికలో ఒక పొట్టి కూత అంటే అంతా క్షేమం. ఒక పొడుగూ ఒక పొట్టీ అయితే మదర్‌బోర్డు. ఒక పొడుగూ రెండు పొట్టీ అయితే తెరకు బొమ్మ పంపే కార్డు. "కూత లేదు" అన్నదానికీ ఆ పట్టికలో ఒక వరస ఉంది. దానికెదురుగా ఉన్నది పవర్ సప్లై, మదర్‌బోర్డు. అంటే 1981లో మౌనానికి నిజంగానే అర్థం ఉంది. ఎందుకుంది? ప్రతి పెట్టెలోనూ స్పీకర్ ఉంటుందని కంపెనీ పూచీ పడింది కాబట్టి. నోరున్నవాడు పలకకపోతే అనుమానించవచ్చు. నోరే లేనివాడు పలకలేదని ఏమని అనుమానిస్తాం?

పట్టికలు ఎందుకు పెరిగాయి

ఐబీఎం బయోస్ కాపీరైట్ ఉన్న వస్తువు. దాన్ని ఉన్నదున్నట్టు కాపీ కొడితే కోర్టు. కాంపాక్ కంపెనీ సొంతంగా, కాపీ కొట్టకుండా, అదే పని చేసే బయోస్ రాయించుకుని 1982 నవంబరులో తన పోర్టబుల్ కంప్యూటర్‌ని ప్రకటించింది. 1984లో ఫీనిక్స్ కంపెనీ అలాంటి బయోస్‌నే తయారు చేసి, కావలసినవాళ్ళకి అమ్మకానికి పెట్టింది. తరవాత అవార్డ్, ఏఎంఐ బాగా పాతుకుపోయాయి. ఐబీఎం కంప్యూటర్‌కి నకళ్ళు చేసే చిన్న కంపెనీలు ప్రపంచమంతా పుట్టుకొచ్చాయి.

ఈ బయోస్‌లన్నీ ప్రోగ్రాములు అడిగే సేవల్ని ఒకే విధంగా ఇవ్వాలి. లేకపోతే లోటస్ నడవదు, వర్డ్‌స్టార్ నడవదు. కాని తప్పు దొరికినప్పుడు ఎన్ని కూతలు కూయాలన్నది ఏ ప్రోగ్రామూ అడగదు. అందుకే అందులో ఎవరిష్టం వాళ్ళది. ఏఎంఐ వాళ్ళు వరసగా లెక్కపెట్టే పద్ధతి పెట్టారు. ప్రాణాంతకమైన తప్పుల్లో ఒక కూత అంటే ర్యామ్ రిఫ్రెష్ తప్పింది, మూడు అంటే మొదటి 64 కిలోబైట్ల ర్యామ్, ఎనిమిది అంటే తెర కార్డు. ఫీనిక్స్ వాళ్ళు గుంపులు గుంపులుగా కూయించారు: ఒకటి, ఆగి మూడు, ఆగి ఒకటి, ఆగి ఒకటి అంటే ర్యామ్ రిఫ్రెష్. అవార్డ్ వాళ్ళు ఒక పొడుగూ రెండు పొట్టీ తెర కార్డుకి ఉంచుకున్నారు.

కాబట్టి "మీ పట్టికలూ ఒకదానితో ఒకటి కలవవు" అన్న ఎత్తిపొడుపు నిజమే. కాని ఎందుకు కలవవో చూశారుగా. ప్రతి పట్టికా ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్ళే, తాము రాసినదాన్ని బట్టి వేసింది. ఏ బయోసో తెలిస్తే ఏ పట్టిక చూడాలో తెలుస్తుంది. ఇక పట్టిక అబద్ధమా నిజమా అన్నది తేల్చుకోవాలంటే ఐదు నిమిషాల పని. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, ర్యామ్ ఊడదీసి, మళ్ళీ స్విచ్ వెయ్యండి. ర్యామ్‌కి చెప్పిన కూత వస్తే పట్టిక నిజం. రాకపోతే దాన్ని చింపెయ్యొచ్చు. బల్లి శాస్త్రానికి ఇలాంటి పరీక్ష ఎవరైనా పెట్టారా? బల్లిని ఎడమ భుజంమీద వందసార్లు వేసి ఫలం లెక్క రాసినవాళ్ళు లేరు. ఎవరైనా రాస్తే, దాన్ని చూసి పట్టిక మార్చుకునే పంచాంగకర్త ఉంటాడా?

ఇంకో సంగతి. 1984లో వచ్చిన ఐబీఎం ఏటీ మోడల్ నుంచి, ప్రతి పరీక్ష మొదలయ్యేముందు బయోస్ ఒక అంకెను 80 నంబరు పోర్టుకి పంపడం అలవాటయింది. అక్కడ ఒక చిన్న కార్డు గుచ్చితే ఆ అంకె రెండక్షరాల్లో వెలుగుతుంది. యంత్రం ఏ మెట్టుమీద ఆగిందో కూత లేకుండానే తెలుస్తుంది. మన రిపేరు షాపుల్లో 'పోస్ట్ కార్డు', 'డీబగ్ కార్డు' అనేది దీన్నే.

నోరు ఊడిన పెట్టెలు

ఐబీఎం 1978లోనే మన దేశం వదిలి వెళ్ళిపోయింది. 1984 నవంబరులో కొత్త కంప్యూటర్ విధానం వచ్చాక దిగుమతులు సులువయ్యాయి. తరవాత పదిహేనేళ్ళలో అసెంబుల్డ్ కంప్యూటర్ల బజార్లు వెలిశాయి. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు, చెన్నైలో రిచ్చీ స్ట్రీట్, బెంగుళూరులో ఎస్.పి. రోడ్డు, మన సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్. కేబినెట్ ఒకచోట, బోర్డు ఇంకోచోట, ర్యామ్ మరోచోట బేరమాడి కొని, స్క్రూ డ్రైవర్‌తో బిగించుకున్న కంప్యూటర్లే మనవాళ్ళలో చాలామందికి మొదటి కంప్యూటర్లు.

ఇక్కడే కూత కథ మలుపు తిరిగింది. స్పీకర్ ఇప్పుడు బోర్డుది కాదు, కేబినెట్‌ది. బోర్డుమీద నాలుగు సూదుల వరస ఒకటి ఉంటుంది, పక్కన స్పీకర్ అని రాసి ఉంటుంది. కేబినెట్ తయారుచేసినవాడు స్పీకర్ ఇస్తే, బిగించినవాడు దాని వైరు గుర్తుపెట్టుకుని ఆ సూదులకి తగిలిస్తే కూత వస్తుంది. ఇద్దరిలో ఏ ఒక్కరు మరచినా రాదు. పైగా 1990ల చివరినుంచి సౌండ్ సదుపాయం బోర్డులోకే వచ్చింది. పెద్ద స్పీకర్లలో పాటలు వస్తుంటే ఈ అరంగుళం బజర్ ఎవరిక్కావాలి? నాలుగు రూపాయలు మిగుల్చుకోవడానికి కేబినెట్లవాళ్ళు దాన్ని మానేశారు.

దీనికితోడు ఇంకో గందరగోళం. విండోస్ తెరుచుకున్నప్పుడు వచ్చే సంగీతం వేరు, ఈ కూత వేరు. మొదటిది హార్డ్ డిస్కులోంచి వచ్చే పాట, యంత్రం అప్పటికే లేచి కూర్చుంది. రెండోది ఇంకా డిస్కు జోలికి వెళ్ళకముందే బయోస్ కూసేది. "మా కంప్యూటర్ సౌండ్ రావట్లేదు" అన్నవాళ్ళని ఈ రెంటిలో ఏదని అడక్కుండా వైద్యం మొదలెడితే రోగం ఒకటి, మందు ఒకటి.

కనుమ నాటి గ్రహణం

2010 జనవరి 15న కంకణ సూర్యగ్రహణం పట్టింది. గరిష్ఠంగా 11 నిమిషాల 8 సెకన్లు ఉండే కంకణం, ఈ సహస్రాబ్దిలో ఇంతకంటే సుదీర్ఘమైనది లేదు. ధనుష్కోడి వైపు కంకణం కనపడింది, మనకి పాక్షికం. ఆరోజు కనుమ కూడా. మా ఊళ్ళో మధ్యాహ్నం వీధులన్నీ బోసిపోయాయి. ఒక డీటీపీ సెంటర్‌లో మాత్రం ఆపరేటర్ కుర్రాడు తలుపు దగ్గరగా వేసుకుని శుభలేఖల పని పూర్తి చేశాడు. అక్కడ రెండు కంప్యూటర్లు ఉన్నాయి, రెండూ నడిపాడు. సోమవారం పొద్దున ఒకటి లేవలేదు. ఫ్యాను తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, తెర నల్లగా ఉంది, కూత లేదు.

మెకానిక్ వచ్చి "కూత లేదంటే బోర్డు పోయినట్టే, కొత్తది వెయ్యాలి" అన్నాడు. యజమాని "గ్రహణం పూట ఎవడు నడపమన్నాడు" అని కుర్రాడి జీతంలో సగం పట్టుకున్నాడు. తల్లికి మందులు ఆ జీతంలోనే కొనాలి. వాడు నా దగ్గరికి వచ్చి, "సార్, గ్రహణానికి కంప్యూటర్ పాడవుతుందా?" అని ఒక్క మాట అడిగాడు.

నేను వెళ్ళేసరికి యజమాని మర్యాదగానే కుర్చీ వేశాడు. "మాస్టారూ, మీరు గ్రహణం రోజు టిఫిన్లు పంచేవాళ్ళు, మీకు నమ్మకాలు లేవు. కాని ఇది చెవులతో విన్నదండీ. ఇన్నాళ్ళూ పొద్దున్నే టీక్ మని కూసేది. గ్రహణం తరవాత మానేసింది."

"సరేనండీ, ఆఖరుసారి ఆ కూత మీరు ఎప్పుడు విన్నారు?" అని అడిగాను. ఆయన ఆలోచించాడు. కుర్రాణ్ణి విడిగా అడిగాను, వాడికీ గుర్తులేదు. పని చేస్తున్న కంప్యూటర్ కూసిందా లేదా అని ఎవరు పట్టించుకుంటారు? అది ఆగిన రోజున మాత్రమే మౌనం వినపడుతుంది. ఈమధ్య ఈ పెట్టెకి ఏమైనా చేయించారా అంటే, డిసెంబరులో పాత కేబినెట్ తుప్పు పట్టిందని కొత్తది వేయించామన్నారు. పక్క తెరిచి చూశాను. బోర్డుమీద స్పీకర్ సూదులు ఖాళీ. కొత్త కేబినెట్‌కి స్పీకర్ లేనే లేదు. అటకమీద ఉన్న పాత కేబినెట్ దింపిస్తే దానిలో స్పీకర్ వైరుతో సహా వేలాడుతోంది.

అంటే కూత ఆగింది గ్రహణానికి నెల ముందు. ఆ నెలంతా కంప్యూటర్ కూత లేకుండానే సలక్షణంగా పనిచేసింది.

పాత స్పీకర్ తెచ్చి ఆ సూదులకి తగిలించి స్విచ్ వేస్తే పెట్టె ఆగకుండా పొడుగు కూతలు పెట్టింది. ర్యామ్ పూర్తిగా ఊడదీసి వేసినా అవే కూతలు. అంటే ప్రాసెసర్, బోర్డు, బయోస్, పవర్ సప్లై అన్నీ బతికే ఉన్నాయి, ర్యామ్ కనపడక ఏడుస్తున్నాయి. ర్యామ్ అంచున ఉన్న బంగారురంగు పట్టీల్ని పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, దుమ్ము దులిపి, గట్టిగా నొక్కి కూర్చోబెట్టాం. ఒక పొట్టి కూత. తెర వెలిగింది.

యజమాని ఒక్క క్షణం చూసి, "అయితే గ్రహణం దెబ్బ ర్యామ్‌కి తగిలిందన్నమాట" అన్నాడు! "మరి పక్క కంప్యూటర్ కూడా అదే గదిలో, అదే కరెంటుమీద, అదే గంటలో నడిచిందిగా, దానికెందుకు తగల్లేదండీ?" అన్నాను. జవాబు లేదు. కుర్రాడి డబ్బు తిరిగి ఇచ్చాడు. "పొరపాటున నిన్నన్నాను" అన్న మాట మాత్రం నోట రాలేదు. వాడు ఉగాది లోపలే వేరేచోట చేరిపోయాడు.

ఒక్క మౌనం ముగ్గురిమీద మూడు నేరాలు మోపింది చూడండి. మెకానిక్ దృష్టిలో బోర్డు, యజమాని దృష్టిలో గ్రహణం, జీతం దగ్గరికొచ్చేసరికి కుర్రాడు. ముగ్గురిలో ఎవరిమీదా సాక్ష్యం లేదు.

కూత లేనప్పుడు ఏం చెయ్యాలి

ఇది రిపేరు పాఠం కాదు కాని, వరసగా ఆలోచించడం ఎలాగో చూపించడానికి ఇంతకంటే చవకైన ప్రయోగశాల లేదు. లోపల చెయ్యి పెట్టే ప్రతిసారీ ప్లగ్ పీకడం మరవకండి.

మొదట ఫ్యాను, దీపం చూడండి. అవీ లేకపోతే కూత గురించి ఆలోచించడం వృథా. గోడ ప్లగ్గు, పెట్టె వెనక స్విచ్, పవర్ సప్లై, ఆ వరసలో చూడాలి.

రెండు, స్పీకర్ అసలు ఉందా? ఉంటే సరైన సూదులకి తగిలించారా? లేకపోతే ఒక చిన్న బజర్ కొనండి, చాలా చవక. కొన్ని బోర్డుల్లో సెట్టింగుల్లోనే కూతని మాన్పించే వీలుంటుంది, అదీ చూడాలి.

మూడు, యంత్రాన్ని కావాలని బాధపెట్టండి. ర్యామ్ మొత్తం తీసి స్విచ్ వెయ్యండి. చాలా బోర్డులు అరుస్తాయి. అరిస్తే ర్యామ్ ఒక్కొక్కటే పెట్టి చూడండి. ర్యామ్ బాగానే ఉండి తెర మాత్రం రాకపోతే తెర కార్డు, మానిటర్ వైరు చూడండి.

నాలుగు, స్పీకర్ ఉండి, ర్యామ్ తీసినా అరవకపోతే అప్పుడు మౌనానికి బరువొచ్చింది. పెంటియమ్ 4 కాలంనుంచి ప్రాసెసర్‌కి విడిగా ఒక నాలుగు రంధ్రాల 12 వోల్టుల వైరు వస్తుంది. అది తగిలించడం మరిస్తే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, ప్రాసెసర్ మాత్రం లేవదు. అది చూడండి. బయోస్ సెట్టింగులు చెరిపి చూడండి. బోర్డుమీద ఉన్న కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడండి. 2000 తరవాత కొన్నేళ్ళపాటు నాసిరకం ఎలక్ట్రోలైట్ ఉన్న కెపాసిటర్లు ప్రపంచమంతటా లక్షల బోర్డుల్ని ఇలా చంపాయి. ఇవన్నీ దాటాకే మంచి పవర్ సప్లై ఒకటి అరువు తెచ్చి మార్చి చూడాలి. అప్పటికీ లేవకపోతే అనుమానం బోర్డుమీదికో ప్రాసెసర్‌మీదికో వెళ్ళాలి, ముందు కాదు.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మూడు మార్చి బాగయితే దేనివల్ల బాగయిందో తెలియదు. మూడు ఊళ్ళ డాక్టర్ల మందులూ, బాబాగారి విభూతీ కలిపి వాడి, గుణం కనపడగానే విభూతికి దణ్ణం పెట్టేవాళ్ళ లెక్క అవుతుంది.

లేకపోవడం ఎప్పుడు సాక్ష్యం?

ఈ ప్రశ్నని మన పాత తార్కికులు కూడా వేసుకున్నారు. ఏడో శతాబ్దానికి చెందిన మీమాంసకుడు కుమారిలభట్టు, ఒక వస్తువు కనపడకపోవడం కూడా జ్ఞానానికి ఒక మార్గమేనన్నాడు. దాన్ని అనుపలబ్ధి అన్నారు. గదిలో కుండ కనపడలేదు కాబట్టి కుండ లేదు. కాని ఆ వర్గంవాళ్ళు దానికి ఒక షరతు పెట్టారు. ఉంటే కనపడే పరిస్థితి ఉండి తీరాలి. దీన్ని యోగ్యానుపలబ్ధి అన్నారు. చీకటి గదిలో కుండ కనపడలేదని కుండ లేదనకూడదు, ముందు దీపం వెలిగించాలి. యజ్ఞయాగాల్ని సమర్థించడానికి పుట్టిన మీమాంసతో మనకి పేచీ ఉండొచ్చు. ఈ షరతుతో మాత్రం లేదు. స్పీకర్ తగిలించడమంటే గదిలో దీపం వెలిగించడమే.

బల్లి పలుక్కీ కంప్యూటర్ కూతకీ తేడా ఇక్కడ తేలిపోతుంది. కూత ఎక్కడ పుడుతుందో, ఏ దారిన వస్తుందో, ఏది తెగితే ఆగిపోతుందో మనకి తెలుసు. దారి తెలుసు కాబట్టి మౌనాన్ని కూడా పరీక్షించగలం. బల్లి పలుక్కీ మన మాటలోని నిజానికీ మధ్య దారేమిటో చెప్పినవాళ్ళు లేరు. అందుకే బల్లి పలికితే సత్యం, పలక్కపోతే ఏమీ కాదు. ఓడిపోయే వీలే లేని పందెం అది.

ఇప్పటి బోర్డుల్లో కూత దాదాపు పోయింది. పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. చాలా బోర్డులమీద ప్రాసెసర్, ర్యామ్, తెర, బూట్ అని నాలుగు చిన్న దీపాలు ఉంటాయి, తప్పు ఎక్కడుంటే అక్కడ వెలుగుతూ ఆగిపోతుంది. ఆల్టెయిర్ దీపాలు మళ్ళీ వచ్చాయనుకోండి. రేపు ఆ దీపం వెలగకపోతే దానికీ శకునం చెప్పేవాళ్ళు పుడతారు. అప్పుడూ మొదటి ప్రశ్న అదే: ఆ దీపం వెలగగలిగే స్థితిలో ఉందా?

పోతే, ఇదంతా ఒక పెట్టె గురించి ఇంతసేపు చెప్పడానికి ఒక కారణం ఉంది. మౌనం అర్ధాంగీకారం అనే మాట మన నోళ్ళలో బాగా నానింది. పెళ్ళిచూపుల్లో పిల్ల మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే. చేతబడి చేసిందని నలుగురూ చుట్టుముట్టి నిలదీస్తే, బెదిరిపోయిన మనిషి నోరు పెగలకపోతే నేరం ఒప్పుకున్నట్టే. ఆ మనిషికి మాట్లాడే వీలు ఉందా, మాట్లాడితే వినే చెవి అక్కడ ఒక్కటైనా ఉందా అని ఎవరూ అడగరు. మన రాజ్యాంగం 20వ అధికరణం మూడో క్లాజు, నిందితుణ్ణి తనమీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదంటుంది. చట్టానికున్న ఆ జాగ్రత్త మన వీధికీ, మన షాపుకీ రావాలి. కంప్యూటర్ విషయంలో తొందరపడితే ఒక బోర్డు డబ్బు దండగ. మనిషి విషయంలో తొందరపడితే ఒక జీతం, ఒక్కోసారి ఒక ప్రాణం. ఎవరైనా "అది పలకలేదు కాబట్టి" అని తీర్పు మొదలెట్టినప్పుడు, వాళ్ళని ఆపి ముందు ఆ పెట్టె మూత తీయించండి.